బాండ్ కారు వెండి రంగు.. బొమ్మకు కుదిరేదెలా?

అసలు కారుకు వేసిన రంగునే నమూనాకు పూసినా పోలిక రాదు
నలుసు పరిమాణం, పూత మందం, వెలుతురు.. మూడూ కీలకమే

సినిమాలో కథానాయకుడికి వచ్చినంత పేరు ఆయన నడిపిన కారుకూ రావడం అరుదు. 1964లో విడుదలైన జేమ్స్‌బాండ్ చిత్రం ‘గోల్డ్‌ఫింగర్’లో షాన్ కానరీ నడిపిన ఆస్టన్ మార్టిన్ డీబీ5కు ఆ అరుదైన గౌరవం దక్కింది. తుపాకులు దాచుకున్న ముందు భాగం, తూటాలను ఆపే వెనుక కవచం, పక్కన కూర్చున్న శత్రువును పైకప్పులోంచి ఎగరగొట్టే సీటు.. ఇవన్నీ ప్రేక్షకులను అబ్బురపరిచాయి. ఆ బాండ్ గాలి తెలుగునేలకూ సోకింది. 1966లో వచ్చిన ‘గూఢచారి 116’ కృష్ణకు ‘ఆంధ్రా జేమ్స్‌బాండ్’ అన్న పేరు తెచ్చిపెట్టింది.

చిత్రం వచ్చి అరవై ఏళ్లు దాటినా డీబీ5 చిట్టి నమూనాలకు ఆదరణ తగ్గలేదు. వాటిని తయారుచేసేవారిని, ఇంట్లో కూర్చుని కిట్లు అతికించి రంగులు వేసుకునేవారిని నేటికీ వేధిస్తున్న చిక్కు ఒకటుంది. అదే ఆ కారు వెండి రంగు. యంత్ర భాగాలను అచ్చు దించవచ్చు. అద్దాలు, చక్రాలు, నంబరు పలక కొలత తప్పకుండా చేయవచ్చు. రంగు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అసలు కారుకు వాడిన డబ్బానే తెచ్చి పూసినా బొమ్మ ‘బాండ్ కారు’లా కనిపించదు. దీనికి కారణం పనితనంలో లోపం కాదు. రంగు స్వభావమే అంత.

ఎర్ర కారు.. వెండి పూత

చిత్రీకరణకు ఆస్టన్ మార్టిన్ సంస్థ ఇచ్చిన కారు డీబీ5 తొలి నమూనా వాహనం. మొదట దాని రంగు వెండి కాదు, ‘డుబోనె రోసో’ అనే ముదురు ఎరుపు. సినిమా కోసం దానికి ‘సిల్వర్ బర్చ్’ అనే వెండి రంగు వేశారు. సిల్వర్ బర్చ్ అంటే తెల్లని బెరడు గల ఐరోపా చెట్టు. మన పూర్వులు రాతకు వాడిన భూర్జపత్రాలు ఈ జాతికే చెందిన హిమాలయ వృక్షపు బెరడు నుంచి వచ్చినవే. కళా దర్శకుడు కెన్ ఆడమ్, ప్రత్యేక ప్రభావాల నిపుణుడు జాన్ స్టియర్స్ కలిసి కారుకు ఆయుధాలు అమర్చారు. ‘బీఎంటీ 216ఏ’ నంబరుతో ఆ వాహనం స్విట్జర్లాండ్‌లోని ఫుర్కా కనుమ దారిలో పరుగులు తీసింది.

ఈ వెండి రంగు బంపర్లపై ఉండే క్రోమ్ పూతలా తళతళలాడేది కాదు. బూడిద ఛాయ కలిసిన మృదువైన మెరుపు దాని సొత్తు. డీబీ5లో బంపర్లు, ముందు జాలీ, చక్రాల తీగ పుల్లలు అద్దంలా మెరుస్తాయి. వాటి పక్కన కారు ఒళ్లు ఒక మెట్టు తగ్గి నిలుస్తుంది. ఆ తేడాయే కారుకు హుందాతనం తెచ్చింది. నమూనాపై ఒంటి రంగు కాస్త ఎక్కువ మెరిసినా క్రోమ్ వెలవెలబోతుంది, మొత్తం బొమ్మ రేకు డబ్బాలా తోస్తుంది.

తొలి బొమ్మకు బంగారు రంగు

ఈ చిక్కును మొదట ఎదుర్కొన్నది బ్రిటన్‌లోని మెట్టాయ్ సంస్థ. హిట్లర్ పాలనలోని జర్మనీని విడిచివచ్చిన ఫిలిప్ ఉల్‌మన్ 1933లో నార్తాంప్టన్‌లో స్థాపించిన కంపెనీ అది. 1956 నుంచి ‘కోర్గి టాయ్స్’ పేరిట వేల్స్‌లోని స్వాన్సీ కర్మాగారంలో లోహపు కార్లు పోతపోసింది. 1965 అక్టోబరులో ఆ సంస్థ బాండ్ కారును 261 నంబరుతో మార్కెట్లోకి తెచ్చింది. మీటలు నొక్కితే తుపాకులు బయటికి రావడం, వెనుక కవచం లేవడం, కప్పు తెరుచుకుని సీట్లోని బొమ్మ ఎగిరిపడటం పిల్లలను ఉర్రూతలూగించాయి. ఆ ఏడాది బ్రిటన్‌లో ఉత్తమ బొమ్మ పురస్కారం దానికే లభించింది. లక్షల సంఖ్యలో అమ్ముడైంది.

అయితే ఆ బొమ్మ రంగు వెండి కాదు, బంగారం. తెరపై వెండి కారును చూసివచ్చిన పిల్లవాడి చేతికి బంగారు కారు అందింది. దీనికి చెప్పే కారణం ఆసక్తికరం. బొమ్మను పోతపోసేది జింకు మిశ్రమంతో. ఆ లోహం సహజంగానే మసక వెండి రంగులో ఉంటుంది. దానిపై మళ్లీ వెండి రంగే వేస్తే, రంగు వేయకుండానే పెట్టెలో పెట్టి అమ్ముతున్నారని కొనేవారు అనుకుంటారేమోనని సంస్థ సందేహించిందట. చిత్రం పేరులోనే బంగారం ఉండటమూ కలిసివచ్చింది.

1968లో 270 నంబరుతో వచ్చిన కొత్త బొమ్మకు గాని వెండి రంగు దక్కలేదు. అందులో టైర్లను చీల్చే కత్తులు, తిరిగే నంబరు పలకలు కూడా చేర్చారు. అసలు కారు రంగు బొమ్మపైకి చేరడానికి మూడేళ్లు పట్టిందన్నమాట. రంగు అసలుకు నప్పితే చాలదు, చూసేవారి కంటికి ‘ఇది రంగే’ అనిపించాలన్న పాఠం అప్పుడే తేలింది.

అసలు కారే లేదు.. ఎవరితో పోల్చాలి?

రంగు కలపాలంటే ముందుగా ఆధారం కావాలి. ఇక్కడా చిక్కే. సినిమాలో ఆయుధాలతో కనిపించిన ‘బీఎంటీ 216ఏ’ కారు 1997 జూన్‌లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం, బోకా రటన్ విమానాశ్రయ హ్యాంగరు నుంచి చోరీకి గురైంది. చిత్రీకరణకు వాడిన మరో డీబీ5ను 2010లో లండన్‌లో వేలం వేయగా 26 లక్షల పౌండ్లు పలికింది. ఆరు దశాబ్దాలు నిలిచిన కారు ఏదైనా ఎండకు వెలిసి ఉంటుంది, లేదా తిరిగి రంగు వేయించుకుని ఉంటుంది. కనుక నేడు కనిపించే పాత కారు 1964 నాటి రంగుకు కచ్చితమైన సాక్ష్యం కాజాలదు.

ఆస్టన్ మార్టిన్ 2018లో ప్రకటించి, 2020 నుంచి న్యూపోర్ట్ ప్యాగ్నెల్‌లోని తన పాత కర్మాగారంలో ‘గోల్డ్‌ఫింగర్’ డీబీ5లను కొత్తగా నిర్మించింది. కొనుగోలుదారుల కోసం 25 కార్లు చేసి, పన్నులు కాక ఒక్కొక్కటి 27.5 లక్షల పౌండ్లుగా ధర నిర్ణయించింది. అన్నింటికీ సిల్వర్ బర్చ్ రంగే. ఇవి ఒక ఆధారమే. కానీ నేటి రసాయనాలతో చేసిన రంగు నాటి రంగును పోలి ఉంటుంది తప్ప అదే కాబోదు.

పోనీ సినిమానే చూసి కలుపుదామా అంటే, తెరపై కనిపించే రంగు కారుది మాత్రమే కాదు. అందులో ఆ రోజు ఆకాశం, ఫిల్ముపై వాడిన రసాయనం, ప్రింటు వయసు, ఇంటి టీవీ సర్దుబాటు కలగలిసి ఉంటాయి. ఆల్ప్స్ పర్వతాల్లో తీసిన దృశ్యంలో కారు నీలి ఛాయతో తోస్తే, స్టూడియో దీపాల కింద కాస్త వెచ్చగా కనిపించవచ్చు. వెండి రంగుకు తనదంటూ ఉండేది తక్కువ, చుట్టూ ఉన్నదాన్ని చూపించేది ఎక్కువ. అందుకే ఒక్క ఫొటోను పట్టుకుని రంగు కలపడం ప్రమాదకరం. వేర్వేరు వెలుతురుల్లో తీసిన అనేక చిత్రాలను పక్కపక్కన పెట్టి సగటు ఛాయను ఎంచుకోవడమే అనుభవజ్ఞుల పద్ధతి.

నలుసుల్లోనే ఉంది కిటుకు

వెండి రంగు కారుకు సొట్ట పడితే టింకరింగ్ షెడ్డులో బాగుచేయించి, ఆ తలుపుకో బంపరుకో కొత్తగా రంగు కొట్టించినవారికి ఒక విషయం అనుభవమే. కోడ్ నంబరు చూసి తెచ్చిన రంగే అయినా ఆ భాగం పక్కవాటితో కలవదు. ఎదురుగా నిలబడి చూస్తే సరిపోయినట్లుంటుంది. రెండడుగులు పక్కకు జరిగితే ముదురుగానో లేతగానో తేలిపోతుంది. తెలుపు, ఎరుపు వంటి సాదా రంగులతో ఈ బెడద ఇంతగా ఉండదు.

ఇందుకు కారణం వెండి రంగులో కలిపే అల్యూమినియం నలుసులు. ఇవి పొడిలా గుండ్రంగా ఉండవు, పొలుసుల్లా పలుచగా ఉంటాయి. రంగు ఆరేటప్పుడు అవి అడుగున పరుచుకుని చిన్న చిన్న అద్దాల్లా పనిచేస్తాయి. బల్లపరుపుగా పరుచుకుంటే ఎదుటినుంచి చూసేవారికి కాంతి నేరుగా తిరిగివచ్చి లేతగా, ఏటవాలుగా చూసేవారికి ముదురుగా కనిపిస్తుంది. అడ్డదిడ్డంగా నిలిచిపోతే ఆ తేడా తగ్గి రంగు మొద్దుబారుతుంది. స్ప్రే గన్ను దూరం, గాలి ఒత్తిడి, థిన్నరు పాళ్లు, పూత తడిగా పడిందా పొడిగా పడిందా అన్న అంశాలపై ఈ అమరిక ఆధారపడుతుంది. ఒకే డబ్బా రంగు ఇద్దరు పెయింటర్ల చేతిలో రెండు ఛాయలు కావడం ఇందువల్లే.

నమూనా కారు విషయంలో దీనికి పరిమాణం చిక్కు తోడవుతుంది. డీబీ5 పొడవు దాదాపు 4.57 మీటర్లు. 24వ వంతుకు కుదిస్తే 19 సెంటీమీటర్లు, 43వ వంతుకు కుదిస్తే పది సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. కారు చిన్నదవుతుంది కాని డబ్బాలోని నలుసు చిన్నది కాదు. కార్ల రంగుల్లో 20 మైక్రాన్ల నలుసులు మామూలే. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఆ నలుసు 24వ వంతు నమూనాపై పడితే, నిజం కారుపై అర మిల్లీమీటరు పలుకు పడినట్లు. 43వ వంతు నమూనాపై అయితే 0.86 మిల్లీమీటర్లు, అంటే ఇంచుమించు గసగసాల గింజంత. కారు ఒంటినిండా గసగసాలు చల్లినట్లు మెరిస్తే ఏ కన్నయినా అది బొమ్మేనని పసిగట్టేస్తుంది.

పూత మందంతోనూ ఇదే తంటా. నిజం కారుపై ప్రైమరు, రంగు, పై మెరుగు అన్నీ కలిపి దాదాపు 100 మైక్రాన్ల మందం ఉంటుంది. అంతే మందం 24వ వంతు నమూనాపై పూస్తే అసలు కారుకు 2.4 మిల్లీమీటర్ల లప్పం పెట్టినట్లవుతుంది. తలుపుకు, ఒంటికి మధ్య నాలుగైదు మిల్లీమీటర్ల సందు 43వ వంతు నమూనాలో 0.1 మిల్లీమీటరే. ఆ సందు రంగుతో పూడిపోతే తలుపు గీత మాయమవుతుంది.

అందుకే అసలు కారు రంగు డబ్బా నమూనాకు పనికిరాదు. నలుసు మరింత మెత్తగా నూరిన, పలుచగా పరుచుకునే లక్క రంగులను నమూనాల కోసం ప్రత్యేకంగా తయారుచేస్తున్నారు. ఛాయ ఒక పిసరు తేడాగా ఉన్నా నలుసు సన్నగా ఉన్న రంగే పెద్ద కారును ఎక్కువగా తలపిస్తుందన్నది తయారీదారుల అనుభవం.

ఆకాశం లేని గది

చూసే దూరమూ ముఖ్యమే. 24వ వంతు నమూనాను అర మీటరు దూరం నుంచి చూడటం, నిజం కారును 12 మీటర్ల దూరం నుంచి చూడటంతో సమానం. అంత దూరం నుంచి నలుసులు విడివిడిగా కనబడవు, ఒకే మెరుపుగా కలిసిపోతాయి. పైగా నిజం కారు ఆరుబయట నిలుస్తుంది. దాని బానెట్టు ఆకాశాన్ని, కింది భాగం నేలను ప్రతిబింబిస్తాయి. అందుకే పైభాగం లేతగా, దిగువ భాగం ముదురుగా కనిపించి ఒంపులు తేలతాయి. గాజు బీరువాలో నిలిచిన బొమ్మకు ఆకాశం లేదు. ట్యూబులైటు, గోడ రంగు మాత్రమే దాని లోకం.

ఒక దీపం కింద కలిసిన రెండు రంగులు మరో దీపం కింద విడిపోవడం చీరల దుకాణంలో అందరికీ ఎదురయ్యేదే. జాకెట్టు గుడ్డ కలిసిందో లేదో చూసేందుకు గుమ్మం బయటికి తెచ్చి ఎండలో చూసే అలవాటు ఉన్నదే కదా. నమూనా రంగుకూ అదే పరీక్ష. ట్యూబులైటు కింద, నీడలో, పగటి వెలుతురులో.. మూడుచోట్లా, ఎదుటి నుంచీ ఏటవాలుగానూ చూశాకే ఛాయను ఖాయం చేయాలి.

పని సాగే తీరు

* ముందుగా నమూనా ఒంటిని సబ్బు నీటితో కడిగి ఆరబెడతారు. అచ్చునుంచి విడిపడేందుకు వాడిన జిడ్డు మిగిలితే రంగు పట్టదు.

* బూడిద రంగు ప్రైమరును పలుచగా కొట్టి, సన్నని నీటి ఉప్పుకాగితంతో నునుపు చేస్తారు. వెండి రంగు చిన్న గీతనైనా దాచదు, పైగా ఎత్తిచూపుతుంది.

* అడుగు రంగును బట్టి వెండి తీరు మారుతుంది. నిగనిగలాడే నలుపుపై వేస్తే లోతైన, లోహం వంటి మెరుపు వస్తుంది. బూడిదపై వేస్తే నెమ్మదైన మెరుపు వస్తుంది. సిల్వర్ బర్చ్‌కు రెండోదే దగ్గర.

* అసలు నమూనాను ముట్టుకునే ముందు ప్లాస్టిక్ చెంచాలపై వేసి చూస్తారు. చెంచాకు కారు బానెట్టులా ఒంపు ఉంటుంది కనుక మెరుపు ఎలా మారుతుందో తెలుస్తుంది. ఏ చెంచాపై ఏ పాళ్లలో కలిపారో వెనుక రాసుకుంటారు.

* చిన్న ఎయిర్ బ్రష్‌తో, 15 నుంచి 20 పీఎస్‌ఐ ఒత్తిడిలో, పది పదిహేను సెంటీమీటర్ల దూరం నుంచి పలుచని పూతలు నాలుగైదు వేస్తారు. ఒకేసారి తడిగా కుమ్మరిస్తే నలుసులు కొట్టుకుపోయి మబ్బు మచ్చలు తేలతాయి.

* తలుపులు, బానెట్టు విడిగా ఉంటే వాటిని ఒంటిపై ఏ దిక్కున అమరుతాయో ఆ దిక్కునే నిలిపి, ఒకే విడతలో రంగు కొట్టాలి. లేకుంటే షెడ్డులో కొట్టించిన బంపరు గతే పడుతుంది.

* పై మెరుగు పలుచగా ఉండాలి. అది మందమైతే లోహపు మెరుపు చచ్చి గాజు పూత మిగులుతుంది. చివరగా బంపర్లకు, కిటికీల అంచులకు పలుచని లోహపు రేకు అతికిస్తే ఒంటి రంగుకూ క్రోముకూ మధ్య ఉండవలసిన తేడా నిలుస్తుంది.

ఊపిరి జాగ్రత్త

ఈ సరదాలో ప్రాణానికి సంబంధించిన విషయమూ ఉంది. లక్క రంగులు, థిన్నర్ల ఆవిరి తలతిప్పు, వాంతులు తెస్తుంది. నిప్పు అంటుకునే గుణమూ ఉంది. గట్టిదనం కోసం హార్డెనరు కలిపి కొట్టే రెండు పాళ్ల మెరుగులో ఐసోసైనేట్లు అనే రసాయనాలు ఉంటాయి. స్ప్రే చేసినప్పుడు పీలిస్తే శాశ్వతంగా ఉబ్బసం పట్టుకునే ప్రమాదం ఉంది. ఒకసారి శరీరానికి పడకుండాపోతే తర్వాత కొద్దిపాటి ఆవిరి సోకినా ఊపిరి ఆడని స్థితి రావచ్చు. ముక్కుకు రుమాలు కట్టుకుంటే సరిపోదు. గాలి బయటికి లాగే ఏర్పాటు, ఆవిరిని ఆపే తగిన మాస్కు, చేతి తొడుగులు తప్పనిసరి. రెండు పాళ్ల మెరుగును ఇంట్లో వాడకపోవడమే మేలు. ఆటోనగర్ షెడ్లలో రోజంతా గన్ను పట్టే కార్మికులకు ఈ హెచ్చరిక మరింతగా వర్తిస్తుంది.

తెరపైనా నమూనాయే

రంగు కుదిరితే నమూనా ఎంతగా నమ్మిస్తుందో చెప్పడానికి బాండ్ చిత్రమే తార్కాణం. 2012లో వచ్చిన ‘స్కైఫాల్’లో డీబీ5 కాల్పులకు గురై పేలిపోతుంది. అరుదైన అసలు కారును పేల్చడానికి ఎవరికి మనసొప్పుతుంది? జర్మనీలోని వాక్సెల్‌జెట్ సంస్థ త్రీడీ ముద్రణ యంత్రాలతో మూడో వంతు పరిమాణంలో మూడు నమూనాలకు భాగాలు చేసి ఇచ్చింది. బ్రిటన్‌లోని కళాకారులు వాటిని కూర్చి, వెండి రంగు, క్రోము పూతలు వేసి, తూటా రంధ్రాలు కూడా చెక్కారు. ప్లాస్టిక్ ఒళ్లు అల్యూమినియం కారుగా తెరపై చెల్లుబాటు కావడంలో రంగు పనితనానిది పెద్ద పాలు.

ఇందుకు భిన్నమైన దారి పట్టిన సంస్థా ఉంది. లెగో 2018లో 1,295 ముక్కలతో తెచ్చిన డీబీ5లో ఒంటికి లోహపు మెరుపు జోలికే పోలేదు. లేత బూడిద ఇటుకలతో సరిపెట్టి, మెరుపును బంపర్లు, చక్రాల వంటి భాగాలకు వదిలేసింది. అయినా చూడగానే అది బాండ్ కారేనని తెలిసిపోతుంది. ఒంటికీ క్రోముకూ ఉండవలసిన తేడా నిలిస్తే చాలునన్న మాటకు ఇదో నిదర్శనం.

పాత బొమ్మను ముట్టుకోవద్దు

రంగు కుదర్చడం నేర్చినవారికి చివరగా ఒక హెచ్చరిక చెబుతారు సేకర్తలు. అటకపై పాత కోర్గి బంగారు కారు దొరికితే, సినిమాలో ఉన్నది వెండి రంగు కదా అని దాన్ని గీకి తిరిగి పూయకూడదు. పెచ్చులూడిన పాత రంగుతో ఉన్న బొమ్మకు దక్కే విలువ, ఎంత నాణ్యంగా చేసినా కొత్త రంగు వేసిన దానికి దక్కదు. 1965లో తప్పుగా తోచిన ఆ రంగే ఇప్పుడు ఆ బొమ్మ పుట్టుక గుర్తు. మెట్టాయ్ సంస్థ 1983లో మూతపడింది. స్వాన్సీ కర్మాగారంలో ఆ పూత పూసిన చేతుల పని ఇప్పుడు ఆ బొమ్మలపైనే మిగిలింది. కారుకు సిల్వర్ బర్చ్ ఎంత నిజమో, ఆ బొమ్మకు బంగారు రంగు అంతే నిజం. కొత్త కిట్టుపై ఎన్ని ప్రయోగాలైనా చేయవచ్చు. పాతదాన్ని మెత్తని గుడ్డతో తుడిచి, ఎండ తగలని చోట భద్రపరచడమే దానికి చేయగల మేలు.